హైటెక్ సిటీ చూసొచ్చారు సరే... మనవాళ్లను చూశారా?

పట్నం పోయి వచ్చినవాడి చుట్టూ పది మంది చేరడం పల్లెల్లో పాత అలవాటే. రచ్చకట్ట మీద కూర్చోబెట్టి ఏమేం చూశావో చెప్పమంటారు. ఒకప్పుడు "చార్మినార్ ఎక్కినవా? జూపార్కుల పులిని చూసినవా? సాలార్‌జంగ్ మ్యూజియంల గంట కొట్టే బొమ్మను చూసినవా?" అని అడిగేవారు. ఆ మూడూ చూసినవాడు హైదరాబాదు చూసినట్టే లెక్క. ఇప్పుడు ప్రశ్న మారింది. "హైటెక్ సిటీ చూసినవా?" అంటున్నారు. చూడలేదని చెబితే బస్సు చార్జీలు దండగ చేసుకున్నావన్నట్టు మొహం పెడుతున్నారు.

హైటెక్ సిటీ చూడదగినదే. అందులో రెండో మాట లేదు. అయితే మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పోయేవారు అక్కడ ఏం చూడాలి, ఎవరిని చూడాలి అన్నది ఒకసారి ఆలోచించుకోవలసిన విషయం. దేశంలో ఎక్కడ కట్టడం లేచినా "పాలమూరు లేబర్" అన్న మాట వినిపించేది. హైదరాబాదు పడమటి దిక్కున లేచిన అద్దాల మేడలకు కంకర మోసిన భుజాల్లోనూ మన భుజాలు ఉన్నాయి. మేడలను చూసి నోరు తెరిచి వచ్చేవారు ఆ భుజాలను పలకరించకుండానే తిరిగి వస్తున్నారు. ఇది విచారించవలసిన సంగతి.

మూడో బెంచీ నేస్తం

ఇటీవల జిల్లాలోని ఒక పల్లె హైస్కూలులో 1988లో పదో తరగతి చదివినవారు పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరుపుకోవాలనుకున్నారు. సెల్‌ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఒకరి ద్వారా ఒకరి నంబరు దొరుకుతూ వచ్చింది. కొందరి జాడ మాత్రం తెలియలేదు. వారిలో ఒకడు మూడో బెంచీలో కూర్చునేవాడు. అతని పక్కన కూర్చున్న స్నేహితుడు ఇప్పుడు ఊళ్లోనే నాలుగెకరాల రైతు.

ఆ ఏడాది లెక్కల్లో తప్పిన పిల్లవాడిని తండ్రి మళ్లీ పరీక్షకు కట్టనివ్వలేదు. అప్పటికే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. ఆ బాకీ తీరాలంటే ఇంట్లో ఇంకో జత చేతులు కావాలి. అలా పోయినవాడు కొన్నేళ్లు దసరాకు వచ్చిపోయాడు. తల్లిదండ్రులు పోయారు. మట్టి గోడల ఇల్లు వానలకు కూలిపోయింది. ఆ తర్వాత ఊరికి రావడానికి అతనికి పనేమీ లేకపోయింది. ఇలాంటి కథ మన జిల్లాలో ఏ ఊరిలో అడిగినా నాలుగైదు ఇళ్లవాళ్లు చెబుతారు.

ఒక పెళ్లిలో కలిసిన దూరపు చుట్టం దగ్గర రైతుకు అతని నంబరు దొరికింది. ఫోను చేసి "ఎవర్రా? మూడో బెంచీయేనా?" అన్నాడు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "ఇంకా బతికే ఉన్నవారా నువ్వు?" అన్న జవాబు వచ్చింది. వారం సెలవు రోజున రమ్మని, హైటెక్ సిటీ అంతా తానే తిప్పి చూపిస్తానని చెప్పాడు.

రైతు ఒక సంచిలో పల్లీలు, మరో సంచిలో జొన్నపిండి పట్టుకుని ఆర్టీసీ బస్సెక్కాడు. ఇమ్లీబన్ బస్టాండులో ఒకరి పక్కనుంచి ఒకరు రెండుసార్లు నడిచిపోయారట. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లే, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వెతుకుతున్నవారే. చివరకు కనుబొమ్మ మీది మచ్చ పట్టించింది. చింతచెట్టు మీది నుంచి పడినప్పటి మచ్చ అది. మనిషి మారినా మచ్చ మారలేదు.

గూడూబండి నుంచి మెట్రో దాకా

మొదటిసారి పోయేవారికి ఉపయోగపడుతుందని దారి కూడా చెప్పుకుందాం. ఇమ్లీబన్ బస్టాండు పక్కనే ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ మియాపూర్ వైపు పోయే రైలెక్కి అమీర్‌పేటలో దిగాలి. అక్కడే మరో రైలు మారి రాయదుర్గం వైపు పోవాలి. హైదరాబాదులో మెట్రో 2017 నవంబరు 28న మొదలైంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో, అక్కడి నుంచి రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో నడిచింది. పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు అని స్టేషన్ల పేర్లు వినిపిస్తుంటే రైతు "ఇవన్నీ ఊర్ల పేర్లే గదరా!" అన్నాడు.

నిజమే. మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఇవన్నీ ఒకప్పుడు పల్లెలే. గుట్టలు, బండరాళ్లు, పశువుల మేత బీళ్లు ఉన్న పల్లెలు. ఆ బండలు భూమి మీద ఉన్న అతి పాత రాళ్లలో కొన్ని. సుమారు 250 కోట్ల ఏళ్లనాటివని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంత వయసున్న రాళ్లు పాతికేళ్లలో పిండి అయిపోయాయి. వాటిని కాపాడాలని 1996 నుంచి హైదరాబాదులో ఒక సంఘమే పనిచేస్తోందంటే వేగం ఎంతటిదో తెలుసుకోవచ్చు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు. గుండ్రంగా, పది అంతస్తులతో లేచిన ఆ మేడను చూడడానికి ఆ రోజుల్లో జనం బస్సుల్లో వచ్చేవారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి వెళ్లారు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి ప్రపంచ కంపెనీల పెద్ద పెద్ద ఆవరణలు ఈ ప్రాంతంలోనే వెలిశాయి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల లేచిన మేడల మధ్య నిలబడితే సైబర్ టవర్సే చిన్నదిగా కనిపిస్తుంది.

కట్టినవాడికి కార్డు లేదు

ఆ గుండ్రటి మేడ ఎదుట నిలబడి చిన్ననాటి నేస్తం చెయ్యి చాపి చూపించాడు. "గా మూడో అంతస్తు స్లాబు ఏసిన రాత్రి తెల్లారేదాక కాంక్రీటు మోసిన" అన్నాడు. ఏ వైపు లిఫ్టు ఉండేదో, గుడిసెలు ఎక్కడ వేసుకున్నారో, నీళ్ల డ్రమ్ము ఎక్కడ పెట్టారో వేలితో చూపిస్తూ చెప్పాడు. చూపించిన చోటల్లా ఇప్పుడు రోడ్డో, పూలమొక్కలో, కార్లో ఉన్నాయి.

"లోపలికి పోయి చూద్దాం పా" అన్నాడు రైతు.

"మెడల కార్డు ఉండాలె."

"నువ్వు కట్టినవు గదరా?"

"కట్టినోనికి కార్డు ఇయ్యలే." తర్వాత నవ్వి ఇంకో మాట అన్నాడు. "ఇయ్యాల నేను డ్యూటీల ఉంటే నిన్ను నేనే ఆపుతుంటి."

అతను ఇప్పుడు ఆ పక్కనే ఇంకో మేడ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నడుము నొప్పి వచ్చి కంకర మోయలేక ఆ పనిలో చేరాడు. పన్నెండు గంటల డ్యూటీ. పొద్దుటి నుంచి రాత్రి దాకా కార్డులు చూసి లోపలికి పంపుతాడు. ఆ పోయేవారిలో మన జిల్లా పిల్లలు కూడా ఉంటారు. మాటలో యాసను బట్టి గుర్తుపడతానని, అయితే ఎవరినీ పలకరించనని చెప్పాడు.

కంపెనీలోకి దారినపోయేవారందరినీ రానివ్వకపోవడం తప్పు కాదు. ఎవరి పని వారిది, ఎవరి భద్రత వారిది. కానీ ఇంత దూరం వచ్చిన పల్లెవాడికి ఆ అద్దాల వెనక ఏం జరుగుతుందో తెలుగులో చెప్పే చోటు ఒక్కటి ఉంటే బాగుండదా? ప్రాజెక్టు చూడపోతే గేట్లు కనిపిస్తాయి, నీళ్లు కనిపిస్తాయి, కాలువ ఏ ఊరికి పోతుందో తెలుస్తుంది. ఇక్కడ కనిపించేది అద్దంలో మన మొహమే. ఈ పని ఏమిటి, ఏం చదివితే వస్తుంది, పల్లె బడిలో చదివినవారు ఎలా చేరుకోవచ్చు అని చెప్పే ఒక ప్రదర్శనశాల పెడితే చూడవచ్చిన తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుకునే మాట ఒకటి పట్టుకుపోతారు. ప్రభుత్వం, కంపెనీలు కలిసి ఆలోచించవలసిన విషయం ఇది.

ఇంకొకటి. ప్రారంభోత్సవం చేసినవారి పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. ఉండవలసిందే. రాయి మోసినవాడి పేరు మాత్రం ఏ రాయి మీదా కనపడదు. ఒక్కొక్కరి పేరూ చెక్కడం కుదరకపోవచ్చు. ఏ జిల్లాల కూలీలు వచ్చి ఈ ప్రాంతాన్ని కట్టారో చెప్పే రాయి ఒక్కటి నిలబెట్టడానికి ఖర్చెంత?

టిక్కెట్టు కొని చూసిన కుమ్మరి సారె

సైబర్ టవర్స్‌కు కూతవేటు దూరంలో శిల్పారామం ఉంది. చేతివృత్తులవారి కోసం 1990 దశకం మొదట్లో నెలకొల్పిన ఆవరణ అది. నేత చీరలు, కొయ్య బొమ్మలు, ఇత్తడి సామాను అక్కడ అమ్ముతారు. అందులోనే పల్లెటూరి మ్యూజియం ఒకటుంది. పూరిళ్లు, కుండలు చేస్తున్న కుమ్మరి, మగ్గం మీద సాలె, ఎడ్లబండి, అన్నీ నిలువెత్తు బొమ్మలుగా పెట్టారు. పట్నం పిల్లలు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

రైతు టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోయి కుమ్మరి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ల ఊళ్లో సారె ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆ కుమ్మరి కొడుకు టైల్స్ పరిచే పనిలో ఈ పట్నంలోనే ఉన్నాడు. "మనూర్ల లేనియి ఈడ బొమ్మలు చేసి పెట్టిండ్రు" అన్నాడు రైతు. నవ్వులాటకు అన్న మాటే అయినా గుండెల్లో గుచ్చుకునే మాట. పల్లెను పల్లెలో బతకనిచ్చి ఉంటే పట్నంలో బొమ్మలుగా చూడవలసిన అవసరం రాకపోను.

ఆయకట్టు ఎంత?

సాయంత్రం ఇద్దరూ దుర్గం చెరువు కట్ట మీదికి చేరారు. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగునీళ్లు ఇచ్చిన చెరువు అది. గుట్టల మధ్య దాగి ఉండడం వల్ల రహస్య చెరువన్న పేరు కూడా వచ్చింది. ఇప్పుడు దాని మీద 184 కోట్ల రూపాయలతో కట్టిన తీగల వంతెన ఉంది. 2020 సెప్టెంబరు 25న దానిని ప్రారంభించారు. చీకటి పడ్డాక తీగలకు రంగు దీపాలు వెలుగుతాయి. నీళ్ల మీద ఆ వెలుగు చూడడానికి రోజూ జనం వస్తారు.

రైతు ముందుగా అడిగింది దీపాల గురించి కాదు. "అలుగు ఎక్కడున్నది? ఆయకట్టు ఎంత?" అని అడిగాడు. చెరువు కనబడితే రైతు నోట వచ్చే మొదటి మాట అదే. నేస్తం చుట్టూ ఉన్న మేడలను చూపించి "ఇదే ఆయకట్టు" అన్నాడు. అవతల కోకాపేటలో 2023లో సర్కారు వేలం వేసిన భూమి ఎకరం 100 కోట్లు దాటిందని కూడా చెప్పాడు. నాలుగెకరాల రైతు వేళ్ల మీద లెక్క పెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాడు. అది అతని లెక్కకు అందే సంఖ్య కాదు.

రాత్రి భోజనం మేడల వెనక బస్తీలోని ఒక గదిలో. ఊరి నుంచి తెచ్చిన పిండితోనే నేస్తం భార్య జొన్నరొట్టెలు చేసింది. ఆమె రెండు ఇళ్లలో వంట చేస్తుంది. కూతురు డిగ్రీ చదువుతోంది. ఎప్పటికైనా మెడలో కార్డుతో ఆ గేటు లోపలికి పోతుందని తండ్రి ఆశ. పోవాలి కూడా. హైటెక్ సిటీ వల్ల మేలు లేదనడం అన్యాయం. తండ్రి కంకర మోసిన చోట కూతురు కుర్చీలో కూర్చోగలిగితే అంతకన్నా కావలసింది లేదు.

"నేనేమని చెప్పుకోవాలె?"

రొట్టె తింటూ రైతు అసలు మాట ఎత్తాడు. సమ్మేళనానికి రమ్మన్నాడు. నేస్తం తల అడ్డంగా ఊపాడు. "పెద్ద పెద్దోళ్లు వస్తరు. మైకుల ఒక్కొక్కడు నేను ఫలానా అని చెప్తడు. నేనేమని చెప్పుకోవాలె?" అన్నాడు.

ఈ ఒక్క మాటకు మన సమ్మేళనాలన్నీ జవాబు చెప్పుకోవాలి. ఇప్పుడు జిల్లాలో ఈ సమ్మేళనాలు జరగని ఊరు లేదు. మంచి సంప్రదాయమే. పాత గురువులకు శాలువా కప్పుతున్నారు. బడికి బెంచీలు, ఫ్యాన్లు ఇస్తున్నారు. కాని పద్ధతి చూడండి. అమెరికా నుంచి వచ్చినవాడు వేదిక మీద, ఆఫీసరు అతని పక్కన, కాంట్రాక్టరు ఇంకో పక్కన. ఊళ్లో మిగిలిన రైతు కుర్చీలు సర్దుతాడు. కూలికి పోయినవాడు రానే రాడు. రాలేదేమని అడిగేవారు కూడా ఉండరు. తర్వాత "అందరం కలుసుకున్నాం" అని ఫొటో వేయించుకుంటారు. అందరూ ఎక్కడ?

బడిలో కూర్చున్ననాడు ఎవరికీ ఉద్యోగం లేదు. ఒకే పలక, ఒకే బెత్తం, ఒకే ఉప్మా వాసన. ఆ రోజును తలచుకోవడానికి కలిసేవారు ఈనాటి హోదాలను మైకులో చదివించుకోవడం ఎందుకు? ఎవరూ కావాలని అవమానించడం లేదు, నిజమే. అయినా రాలేకపోయినవాడికి తగిలే దెబ్బ తగులుతూనే ఉంది.

ముక్కున వేలేసుకోవలసిన సంగతి

ఆ రాత్రే ఇంకో సంగతి బయటపడింది. ముప్పై ఏళ్లకు పైగా కట్టడం పనిలో ఉన్న మనిషికి కార్మిక కార్డు లేదు. అలాంటిది ఒకటుందని కూడా తెలియదు. భవన నిర్మాణ కార్మికుల కోసం కేంద్రం 1996లో చట్టం చేసింది. కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున యజమానుల నుంచి వసూలు చేసి సంక్షేమ నిధిలో వేస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నియమం ఉంది. ప్రమాదం జరిగితే, ప్రాణం పోతే, ఆడబిడ్డ పెళ్లికి, కాన్పుకు సాయం అందేది ఆ నిధి నుంచే.

అతనికి ఇప్పుడు కట్టడం పని లేదు గనుక కార్డు రాదు. చేసిన ముప్పై ఏళ్లు కాగితం మీద లేవు. ఈ నష్టం అతనితో ఆగిపోవాలి. పని మీద పట్నం పోయిన ఇంటి మనిషి ఫోను చేసినప్పుడు "అన్నం తిన్నవా?" అని అడుగుతారు కదా. దానితోపాటు "కార్డు చేయించుకున్నవా?" అని కూడా అడగాలి. కార్మిక శాఖ అధికారులు కూలీలు తమ దగ్గరకు వచ్చేదాకా చూడకుండా, దసరాకు వారు ఊళ్లకు వచ్చే రోజుల్లో పంచాయతీ ఆఫీసుల దగ్గర శిబిరాలు పెట్టి నమోదు చేయాలి. సమ్మేళనం జరుపుకునే పూర్వ విద్యార్థులు బడికి ఇచ్చే ఫ్యాన్లతో పాటు ఈ పని కూడా తలకెత్తుకోవచ్చు. చదువుకున్నవాడు స్నేహితుడికి ఒక దరఖాస్తు నింపి పెట్టడం శాలువా కన్నా మిన్న.

హాజరుపట్టీ

రైతు ఊరికి తిరిగి వచ్చాక రచ్చకట్ట దగ్గర యథాప్రకారం జనం చేరారు. "హైటెక్ సిటీ చూసినవా?" అన్నారు. "మావోడు కట్టిండు, చూసిన" అన్నాడు. తర్వాత తోటి విద్యార్థులకు నేస్తం అన్న మాట చెప్పాడు. కొందరు తల దించుకున్నారు. మైకులో పరిచయాలు వద్దనుకున్నారు. రిటైరైన పాత పంతులు గారిని పిలిపించి 1988 నాటి హాజరుపట్టీ సంపాదించి ఆయన చేతికిచ్చారు.

సమ్మేళనం నాడు అందరూ పాత వరసలోనే బెంచీల మీద కూర్చున్నారు. పంతులు గారు కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్క పేరూ చదివారు. కలెక్టరాఫీసులో పనిచేసేవాడూ లేచి "హాజర్ సార్" అన్నాడు. అమెరికా నుంచి వచ్చినవాడూ లేచి "హాజర్ సార్" అన్నాడు. మూడో బెంచీ నుంచి కూడా ఆ మాట వినిపించింది. ముందు రోజు రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున బస్సు పట్టుకుని అతను వచ్చాడు. ఏం చేస్తున్నావని ఆ పూట అతన్ని ఎవరూ అడగలేదు.

నాలుగు పేర్లకు జవాబు రాలేదు. ముగ్గురు చనిపోయారని పక్క బెంచీలవారు చెప్పారు. నాలుగో పేరు పంతులు గారు రెండుసార్లు చదివారు. అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. గుంపుతో పోయాడని మాత్రమే తెలుసు.

ప్రతి ఊరి హాజరుపట్టీలోనూ అలాంటి పేరు ఒకటి ఉంటుంది. ఈసారి హైదరాబాదు పోయేవారు మేడలు చూడండి, మెట్రో ఎక్కండి, దుర్గం చెరువు దీపాలు చూడండి. పనిలో పనిగా ఆ ఒక్కడి నంబరు ఎవరి దగ్గర దొరుకుతుందో కూడా కనుక్కుని రండి.